మూడో వీధి చెక్కుబందీ

(గోదావరి ఒడ్డు ఊళ్ళో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన ప్రతి.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్ళకి వినిపిస్తోందా అండీ? ఫ్యాను ఆపితే మైకు గోల తగ్గుతుందేమో... వద్దులెండి, ఉక్కపోత కంటే గోలే నయం.

అధ్యక్షులవారు నా గురించి చెబుతూ "అమెరికా నగరాల మీద పరిశోధన చేసినవారు" అన్నారు. అంత లేదండీ. లాస్ ఏంజెలిస్‌లో ఒక బట్టల కంపెనీలో పద్నాలుగేళ్ళు లెక్కలు రాశాను. కారు కొనలేదు. బస్సులో వెళ్ళి బస్సులో వచ్చేవాణ్ణి. అక్కడ అలా బతికే తెలుగువాళ్ళు తక్కువ, అందుకని మా చుట్టాలు నన్ను చూసి కాస్త జాలిపడేవాళ్ళు కూడా. కానీ బస్సు కిటికీలోంచి రోజుకి రెండుసార్లు చొప్పున పద్నాలుగేళ్ళు ఒకే వీధిని చూస్తే కొన్ని సంగతులు పట్టుబడతాయి. అందులో ఒకటి ఇవాళ చెబుతాను.

ఆ ఊళ్ళో, వలస వచ్చినవాళ్ళు తాము ఉండే పేటకి తమ దేశం పేరు పెట్టమని మునిసిపాలిటీకి అర్జీ పెట్టుకుంటారు. కౌన్సిల్ ఒప్పుకుంటే ఒక నీలం రేకు మీద తెల్ల అక్షరాలతో ఆ పేరు రాసి, నగర ముద్ర వేసి, స్తంభానికి బిగిస్తారు. అంతే. ఆ రేకు కోసం ఏళ్ళ తరబడి తిరుగుతారు, మీటింగులు పెట్టుకుంటారు, పక్కవాళ్ళతో మాటలు మానేస్తారు. ఎందుకింత యాతనో నాకు మొదట్లో అర్థం కాలేదు.

నేనుండే అపార్ట్‌మెంటు బెరెండో స్ట్రీట్‌లో, థర్డ్ స్ట్రీట్‌కి ఒక బ్లాకు దక్షిణంగా. థర్డ్ స్ట్రీట్‌ని మనం మూడో వీధి అనుకుందాం. ఆఫీసుకి పోవాలంటే ఆ వీధిలోనే పదహారో నంబరు బస్సు ఎక్కాలి. బస్టాపు పక్కన ఒక బంగ్లాదేశ్ ఆయన కిరాణా కొట్టు. బియ్యం, పప్పులు, ఆవనూనె, మిఠాయి, ఫోన్ కార్డులు, వెనక ఒక పెద్ద ఫ్రీజర్. ఆ ఫ్రీజర్లో ఇలిష్.

ఇలిష్ అంటే ఏమిటో ఈ ఊళ్ళో చెప్పడమంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులే. మన పులసే. సముద్రంలో ఉంటే విలస, గోదావరిలోకి ఎదురీది వస్తే పులస, పద్మా నదిలోకి పోతే ఇలిష్. ఆ కొట్లో అది కట్టెలాగ బిగుసుకుపోయి ఉండేది. ఆయన దాన్ని రంపం మిషన్ మీద పెట్టి ముక్కలు కోస్తుంటే మంచు పొట్టు లేచేది, అచ్చం వడ్రంగి కొట్లో లేచినట్టు. కోస్తూ కోస్తూ "దాదా, మీ నదిలో కూడా ఉంటుందంటారే, నిజమేనా?" అని అడిగేవాడు. ఉంటుందని చెబితే నమ్మేవాడు కాదు. ఇలిష్ బెంగాలీల చేప అని ఆయన గట్టి అభిప్రాయం. మా ఊళ్ళో "పుస్తెలమ్ముకునైనా పులస తినాలి" అంటారని చెప్పాను ఒకసారి. పుస్తెలంటే ఏమిటో చెప్పేసరికి నా బస్సు వెళ్ళిపోయింది. (నవ్వులు)

2008లో ఒక సాయంత్రం చేప సంచి నా చేతికిచ్చి, ఇంకో చేతికి ఒక అట్ట, పెన్నూ ఇచ్చాడు. "ఇక్కడ ఒక్క సంతకం, దాదా. మీరు ఈ పేటలోనే ఉంటారు కదా." ఏమిటంటే, ఈ పేటకి లిటిల్ బంగ్లాదేశ్ అని పేరు పెట్టమని సిటీకి అర్జీ. వాళ్ళ సంఘాలవాళ్ళు తిప్పుతున్నారు. నేను పూర్తిగా చదవలేదు. పెట్టేశాను. చేపలమ్మేవాడు అడిగితే కాదంటామా?

కొన్ని నెలలకి మా అపార్ట్‌మెంటు మేనేజరు తలుపు కొట్టింది. కొరియా ఆవిడ, అరవై దాటిన మనిషి. అద్దె చెక్కు కోసం తప్ప ఎప్పుడూ తలుపు కొట్టేది కాదు. ఆవిడ చేతిలోనూ ఒక అట్ట, పెన్ను. "ఇది కొరియాటౌన్. సంతకం పెట్టు." అడగటం లాగా లేదు, చెప్పడం లాగే ఉంది. అదీ పెట్టాను.

మా నాన్నగారు కొవ్వూరు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు బయట చెట్టు కింద కూర్చుని దస్తావేజులు రాసేవారు. ఇక్కడ పెద్దవాళ్ళలో కొందరికి ఆయన గుర్తుండవచ్చు. ఆదివారం ఫోన్లో ఈ కథ నవ్వుతూ చెప్పాను. ఆయన నవ్వలేదు. "ఏదీ, మొదటి కాగితం చెక్కుబందీ చెప్పు" అన్నారు. పిల్లలకి తెలియదేమో, చెక్కుబందీ అంటే స్థలానికి నాలుగు వైపులా హద్దులు. అది లేకుండా దస్తావేజు లేదు.

"తూర్పు?"

"వెర్మాంట్ అవెన్యూ."

"పడమర?"

"వెస్టర్న్ అవెన్యూ."

"ఉత్తరం మూడో వీధి అన్నావు. దక్షిణం?"

"విల్షైర్ బులవార్డ్."

"ఆ మధ్యలో ఎవరున్నారు?"

"ఎక్కువగా కొరియా వాళ్ళ దుకాణాలు నాన్నా."

"మరి వాళ్ళ కాగితాలేవీ?"

సరిగ్గా అదే ప్రశ్న ఆ ఏడాది లాస్ ఏంజెలిస్‌లో కొరియా పెద్దలందరూ ఒకళ్ళనొకళ్ళు అడుగుతున్నారని అప్పుడు నాకు తెలియదు. నాన్నగారు చివరికి తీర్పు కూడా చెప్పేశారు. "ఒకే స్థలం ఇద్దరికి రాసిచ్చావురా. దీన్ని డబుల్ రిజిస్ట్రేషన్ అంటారు."

కాగితాలు లేవండీ. కొరియాటౌన్ అని ప్రపంచమంతా అంటుంది, ఫ్రీవే మీద బోర్డు 1980ల మొదటి నుంచీ ఉంది, కానీ అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో సిటీ రికార్డుల్లో ఒక గీత లేదు. అంతవరకు అవసరం పడలేదు. పూర్వం ఏదైనా పేటకి పేరు కావాలంటే ఆ వార్డు కౌన్సిలర్‌ని పట్టుకుంటే తీర్మానం చేయించేవాడు. 2006లో సిటీ ఒక పద్ధతి పెట్టింది: అర్జీ ఇవ్వాలి, హద్దులు చూపించాలి, అక్కడివాళ్ళ సంతకాలు వందల్లో తేవాలి, అభ్యంతరాలు వినాలి, ఆ తర్వాతే కౌన్సిల్ ముందుకి. బంగ్లాదేశ్ వాళ్ళు ఆ రూల్సు చదువుకుని వాటి ప్రకారమే వెళ్ళారు. తప్పేమీ లేదు. ఖాళీగా ఉన్న సర్వే నంబరుకి అర్జీ పెట్టుకున్నట్టే. కాకపోతే ఆ నంబరులో నలభై ఏళ్ళుగా ఇంకొకళ్ళు కాపరం చేస్తున్నారు.

వాళ్ళ కాపరం ఎలాంటిదో కొంచెం చెప్పాలి. 1965లో అమెరికా వలస చట్టం మార్చాక కొరియా నుంచి జనం రావడం పెరిగింది. అలా వచ్చినవాళ్ళలో హై డక్ లీ అనే ఆయన ఒకడు. అంతకుముందు పశ్చిమ జర్మనీ బొగ్గు గనుల్లో పనిచేశాడు. 1971లో ఒలింపిక్ బులవార్డ్ మీద ఒలింపిక్ మార్కెట్ అని కిరాణా పెట్టాడు. 1975లో దగ్గర్లోనే ఒక పెద్ద హోటలు కట్టి, పైకప్పుకి కొరియా నుంచి నీలం పెంకులు తెప్పించాడు. ఆయన పట్టుదలంతా ఒకటే, ఇక్కడ ఒక కొరియా ఊరు కనిపించాలి. చూసినవాడికి తెలియాలి. ఆయన్ని కొరియాటౌన్ తండ్రి అంటారు. 2019లో పోయారు.

తర్వాత 1992. రోడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని కొట్టిన పోలీసుల మీద కేసులో ఏప్రిల్ 29న తీర్పు వచ్చింది, పోలీసులు దాదాపుగా బయటపడ్డారు, ఊరు అంటుకుంది. కొరియావాళ్ళ దుకాణాలు రెండు వేలకు పైగా దెబ్బతిన్నాయి, వాళ్ళ ఒక్కళ్ళ నష్టమే 40 కోట్ల డాలర్ల దాకా లెక్కవేశారు. ఫోన్లు చేస్తే పోలీసులు రాలేదు. దుకాణాల పైకప్పుల మీద వాళ్ళే తుపాకులు పట్టుకుని కూర్చున్నారు, ఆ ఫొటోలు మీరు చూసే ఉంటారు. కొరియావాళ్ళు ఆ రోజుని సా-ఇ-గు అంటారు. నాలుగు, రెండు, తొమ్మిది. తేదీయే పేరైపోయింది. మా మేనేజరు ఆవిడ ఆ రోజుల గురించి నాతో ఒక్కసారే మాట్లాడింది, లిఫ్టు కోసం ఎదురుచూస్తూ. "మూడు రోజులు పొగ వాసన. నాలుగో రోజు ఊడ్చాం" అంది. లిఫ్టు వచ్చింది, ఎక్కేసింది.

అది విన్నాక ఆవిడ సంతకం ఎందుకు అలా అడిగిందో తెలిసింది. మన ఇంటి మీదికి వచ్చినప్పుడు ఎవరూ రాలేదు, మళ్ళీ కట్టుకున్నాం, ఇప్పుడొచ్చి మధ్య భాగానికి ఇంకో పేరు పెడతామంటారా అని వాళ్ళ బాధ. బంగ్లాదేశ్ ఆయన వైపు చూస్తే ఆయనదీ న్యాయమే. ట్యాక్సీలు తోలి, పెట్రోలు బంకుల్లో రాత్రి డ్యూటీలు చేసి, నలుగురు కలిసి ఒక గదిలో ఉండి, ఒక వీధి తయారు చేసుకున్నాం, మాకూ ఒక పేరు ఉండకూడదా?

ఇంతకీ ఆ పేటలో ఎక్కువమంది ఎవరనుకుంటున్నారు? కొరియావాళ్ళా? కాదు. బంగ్లాదేశ్ వాళ్ళు అసలే కాదు. సగానికి పైగా లాటినోలు. మెక్సికో, సాల్వడార్, గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్ళు. ఆసియా వాళ్ళందర్నీ కలిపినా మూడోవంతే. బస్సులో నా పక్కన కూర్చునేది ఎక్కువగా వాళ్ళే. కొరియా హోటళ్ళ వంటింట్లో కూరలు తరిగేదీ వాళ్ళే. పేట పేరు అక్కడ నిద్రపోయేవాళ్ళని బట్టి రాదండీ, దుకాణం బోర్డు ఏ లిపిలో ఉందో దాన్ని బట్టి వస్తుంది. నేను పద్నాలుగేళ్ళలో నేర్చుకున్నది ఇదొక్కటే అని చెప్పినా అబద్ధం కాదు.

హై డక్ లీ కట్టిన హోటలు చెప్పాను కదా, నీలం పెంకుల కప్పు. అది చేతులు మారింది. ఇప్పుడు అందులో గెలాగెట్సా అని మెక్సికో వాళ్ళ హోటలు నడుస్తోంది, వహాకా రాష్ట్రం వంట. చాలా పేరున్న హోటలు. నేను వెళ్ళాను. పైన కొరియా రాజధాని సియోల్‌లో రాజభవనానికి ఉన్నట్టు కొరియా పెంకులు, కొసలు పైకి తిరిగి. లోపల నల్లటి మోలే, అంటే మాడ్చిన ఎండుమిరపకాయలు, నువ్వులు, చాక్లెట్ కలిపి నూరిన పులుసు. మన ఉలవచారు నలుపు. కొరియాటౌన్ ఎవరిదని ఎవరైనా గట్టిగా వాదిస్తే ఆ హోటలుకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాలి.

సరే, పంచాయతీ ఎలా తెగిందో చెబుతాను. రెండేళ్ళు పట్టింది. కొరియా సంఘాలు పోటీ అర్జీ పెట్టాయి, రెండు వర్గాల పెద్దలూ కూర్చున్నారు, కౌన్సిలర్లు మధ్యలో కూర్చున్నారు. 2010 ఆగస్టులో కౌన్సిల్ రెండు పేర్లూ ఒప్పుకుంది. కొరియాటౌన్‌కి మొదటిసారి హద్దులు గీశారు: స్థూలంగా వెర్మాంట్ నుంచి వెస్టర్న్ దాకా, మూడో వీధి నుంచి ఒలింపిక్ దాకా, ఇంకా వెస్టర్న్ మీద ఉత్తరంగా ఒక తోక. లిటిల్ బంగ్లాదేశ్‌కి మూడో వీధి మీద నాలుగు బ్లాకులు. న్యూ హాంప్‌షైర్ దగ్గర మొదలు. బెరెండో, కాటలీనా, కెన్మోర్. అలెగ్జాండ్రియా దగ్గర సరి. నడిస్తే పది నిమిషాలు పట్టదు.

నా సంగతి చూడండి. మా వీధి మొదట్లో బస్టాపు లిటిల్ బంగ్లాదేశ్. ఒక బ్లాకు కిందికి మా అపార్ట్‌మెంటు కొరియాటౌన్. చేప ఒక దేశంలో కొని ఇంకో దేశంలో వండుకున్నట్టు. నా రెండు సంతకాలూ చెల్లాయి! నాన్నగారికి చెబితే "అదృష్టవంతుడివిరా, ఇక్కడైతే కోర్టుకి తిరిగేవాడివి" అన్నారు.

బోర్డు పెట్టాక కొట్టాయన దాని కింద నిలబడి నాచేత ఫొటో తీయించుకున్నాడు. చొక్కా మార్చుకుని వచ్చాడు దానికోసం. స్తంభానికి పైన పేరు. కిందే ఇంకో రేకు, ఫలానా రోజు వీధి ఊడుస్తాం, ఆ టైములో కారు పెడితే జరిమానా అని. కింద రేకు ఫొటోలో రాకుండా తీయమన్నాడు. నాలుగైదుసార్లు ప్రయత్నించాను, రాకుండా కుదరలేదు.

మీలో కొందరు అనుకుంటూ ఉండొచ్చు, రేకు ముక్కకి ఇంత కథా అని. అక్కడితో అవలేదు. ఆ ఊళ్ళో 1999లో నగర పాలన నియమావళి మార్చాక నైబర్‌హుడ్ కౌన్సిళ్ళు అని వచ్చాయి. మన వార్డు కమిటీల్లాంటివి. అధికారం పెద్దగా ఉండదు, సలహా చెప్పడం వరకే, ఏడాదికి కాస్త డబ్బు ఇస్తారు. 2018లో బంగ్లాదేశ్ వర్గం, కొరియాటౌన్ కౌన్సిల్‌లోంచి ఉత్తరపు భాగం విడదీసి మాకు వేరే కౌన్సిల్ ఇవ్వండి అన్నారు. ఓటింగు పెట్టారు. మామూలుగా ఆ ఎన్నికల్లో ఎవరూ కనిపించరు. ఆ రోజు జనం ఎండలో గంటల తరబడి బారులు తీరారు. 19 వేల పైచిలుకు ఓట్లు పడితే విడిపోదామన్నవి నూటికి రెండు కూడా లేవు. నేను అప్పటికి తిరిగొచ్చేశాను, ఇక్కడే ఫోన్లో చూశాను. నాలుగు బ్లాకుల దగ్గర ఆగితే బాగుండేదని నా అభిప్రాయం. ఒక పేరు ఇచ్చినంత తేలిగ్గా ఎవరూ ఓటు వదులుకోరు.

అన్నీ ఇలా తగవులే అనుకోకండి. థాయ్ టౌన్ కథ వేరు, అది నాకు ఇష్టం. లాస్ ఏంజెలిస్ శివార్లలో ఎల్ మాంటే అని ఒక ఊరు. 1995 ఆగస్టులో అక్కడ ఒక అపార్ట్‌మెంట్ల సముదాయం మీద దాడి చేసి 72 మంది థాయ్ మనుషుల్ని విడిపించారు. ఎక్కువమంది ఆడవాళ్ళు. చుట్టూ ముళ్ళతీగ, కాపలా. లోపల కుట్టు మిషన్లు. కొందరు ఏళ్ళ తరబడి బయటి వీధి చూడలేదు. పెద్ద పెద్ద దుకాణాల్లో అమ్మే బట్టలు అక్కడ కుట్టించారు. బట్టల కంపెనీలో లెక్కలు రాసినవాణ్ణి కాబట్టి ఇది వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు చల్లబడుతుంది. ఆ చొక్కా ఖరీదులో కుట్టుకూలి ఎంతో నాకు తెలుసు.

వాళ్ళ తరఫున నిలబడినవాళ్ళలో థాయ్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ సెంటర్ అనే సంస్థ ఒకటి, చాంచనిత్ మార్టొరెల్ అనే ఆవిడ పెట్టింది. హాలీవుడ్ బులవార్డ్ మీద వెస్టర్న్‌కీ నార్మండీకీ మధ్య ఆరు బ్లాకులు థాయ్ టౌన్ చేయించిందీ ఆ సంస్థే, 1999 అక్టోబరు 27న. వాళ్ళ ఆలోచన సూటిగా ఉంది. పేరుంటే చూడటానికి జనం వస్తారు, జనం వస్తే చిన్న హోటళ్ళు బతుకుతాయి, మన వంట వచ్చిన మనిషి ఇంకొకడి గోడౌన్లో బందీగా పడి ఉండక్కర్లేదు. పేరు తెచ్చుకుని ఊరుకోలేదు కూడా. పాత అపార్ట్‌మెంట్లు బాగుచేయించి తక్కువ అద్దెకి ఇప్పించారు. పేట రెండు కొసలా అప్సొన్సీ విగ్రహాలు నిలబెట్టారు, పైన అప్సరస, కింద సింహం. మన గుళ్ళ శిల్పాలకి దూరపు చుట్టాలే.

ఏడాది తిరక్కుండానే, 2000 అక్టోబరులో, ఆ చుట్టుపక్కలే లిటిల్ ఆర్మీనియా ప్రకటించారు. దాని ఉత్తరపు హద్దూ హాలీవుడ్ బులవార్డే. అంటే ఒకే ఫుట్‌పాత్‌కి రెండు దేశాలు. మొదట్లో గుర్రుగా ఉన్నారు, తర్వాత ఎవరి రొట్టె వాళ్ళు కాల్చుకుంటున్నారు.

ఫిలిప్పీన్స్ వాళ్ళది 2002. దాని పేరు హిస్టారిక్ ఫిలిపినోటౌన్. ఆ హిస్టారిక్ అన్న మాట చూడండి. పేరు వచ్చేసరికి వాళ్ళలో చాలామంది వేరే చోట్లకి వెళ్ళిపోయారు. మాజీ సర్పంచి అన్నట్టు, మాజీ పేట. (నవ్వులు) నవ్వకండి, చర్చీలు, పెద్దవాళ్ళు మిగిలారు, పిల్లలు ఆదివారం వస్తారు. మన అగ్రహారాలు చూడండి కావాలంటే.

అదే 2002లో ఫెయిర్‌ఫాక్స్ అవెన్యూ మీద ఒక ముక్కకి లిటిల్ ఇథియోపియా అని పెట్టారు. అమెరికాలో ఒక ఆఫ్రికా దేశం పేరు ఇలా అధికారికంగా పెట్టుకున్న మొదటి పేట అదేనంటారు. కాఫీ గింజలు మీ ముందే వేయించి, ఆ పొగ మీ వైపు విసిరి, తర్వాత కాస్తారు. ఆ పొగలో కూర్చుని నాకు గుర్తొచ్చింది హైదరాబాదు. ఇథియోపియా పాత పేరు అబిసీనియా, అక్కడివాళ్ళని హబ్షీలు అనేవారు. వాళ్ళున్న చోటు హబ్సీగూడ అని చెబుతారు. ఏసీ గార్డ్స్ అంటే ఎయిర్ కండిషన్ అనుకుంటారు కుర్రాళ్ళు, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాము సైన్యంలో ఆఫ్రికా గుర్రపు దళం. బర్కస్‌లో యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు ఇప్పటికీ ఉన్నారు, అది బ్యారక్స్ అన్న మాటే. విశాఖలో బర్మా క్యాంప్ ఉంది, రంగూన్ నుంచి తిరిగొచ్చిన మనవాళ్ళ పేట. వీటిలో దేనికీ ఎవరూ సంతకాలు తిప్పలేదు, హద్దులు అడగలేదు. నలుగురూ అనగా అనగా పేరైపోయింది. బస్సు కండక్టరు కేకేస్తే చాలు, రికార్డు.

పేరు కాగితం మీదికెక్కితే పేట నిలుస్తుందా అంటే, దానికీ లాస్ ఏంజెలిస్‌లోనే జవాబుంది. అక్కడి పాత చైనాటౌన్‌ని రైల్వే స్టేషను కోసం పడగొట్టేశారు. చైనావాళ్ళు భూమి కొనడానికి అప్పటి కాలిఫోర్నియా చట్టం ఒప్పుకోదు, కాబట్టి అందరూ అద్దెవాళ్ళే, పొమ్మంటే పోవాలి. యూనియన్ స్టేషన్ 1939లో తెరిచారు. అంతకు ముందే పీటర్ సూహూ అనే ఇంజినీరు తనవాళ్ళ చేత డబ్బు పోగుచేయించి, ఇంకో చోట స్థలం సంపాదించి, 1938లో కొత్త చైనాటౌన్ కట్టించాడు. వాళ్ళు ముందు స్థలం చూసుకున్నారు, పేరు తర్వాత. మా నాన్నగారికి నచ్చే పద్ధతి.

లిటిల్ టోక్యో దానికి వ్యతిరేకం. 1942లో, జపాన్‌తో యుద్ధం నడుస్తుంటే, అక్కడి జపాన్ వాళ్ళందర్నీ సైన్యం నిర్బంధ క్యాంపులకి తరలించింది, పేట ఖాళీ అయింది. దక్షిణాది రాష్ట్రాల నుంచి వచ్చిన నల్లవాళ్ళు అక్కడ చేరి బ్రాంజ్‌విల్ అని పిలుచుకున్నారు. యుద్ధం అయ్యాక జపాన్ వాళ్ళు తిరిగొచ్చారు, మళ్ళీ పాత పేరు. 1995లో అక్కడి ఫస్ట్ స్ట్రీట్ ఇళ్ళ వరసకి జాతీయ చారిత్రక స్థలం హోదా కూడా వచ్చింది. దాని కంటే పెద్ద రేకు ఆ దేశంలో లేదు. అయినా 2024లో, ఆ వీధిలోనే యాభై ఏళ్ళు నడిచిన సుయెహిరో కెఫే ఖాళీ చేయాల్సి వచ్చింది. అదే ఏడాది, ప్రమాదంలో ఉన్న చారిత్రక స్థలాల జాబితాలో లిటిల్ టోక్యో పేరు చేర్చారు. గోడ కూల్చకుండా కాపాడటానికి చట్టం ఉంది, గోడ లోపల నూడుల్స్ వండే మనిషి అద్దెకి లేదు.

మన సంగతి కూడా అడుగుతారు, ముందే చెప్పేస్తాను. 2010 నుంచి 2017 దాకా అమెరికాలో మాట్లాడేవాళ్ళు అన్నిటికంటే వేగంగా పెరిగిన భాష తెలుగే, 86 శాతం. మరి లిటిల్ ఆంధ్రా ఎందుకు లేదు? లాస్ ఏంజెలిస్ పక్కన ఆర్టీషియా అనే చిన్న ఊళ్ళో పయనీర్ బులవార్డ్ ఉంది, చీరలు, నగలు, దోసెలు అన్నీ దొరుకుతాయి, అందరూ లిటిల్ ఇండియా అనే అంటారు. అది అందరి ఇండియా. తెలుగువాళ్ళు కలిసేది మాలిబూ వెంకన్న గుళ్ళో, కార్ల పార్కింగులో. మనవాళ్ళు చాలామంది చేతిలో ఉద్యోగంతో దిగారు. మొదటి నెలలోనే కారు, రెండేళ్ళలో శివార్లలో ఇల్లు. ఇలాంటి వీధి పుట్టేది కారు లేనివాడికి, ఇంగ్లిష్ రానివాడికి, ఎవరిచ్చినా ఆ అద్దె గదే గతి అయినవాడికి. అది మనకి లేదని మరీ బాధపడక్కర్లేదని నేననుకుంటాను. మీలో ఎవరికైనా వేరే అభిప్రాయం ఉంటే తర్వాత టీ దగ్గర తిట్టండి.

అయిపోయిందండీ. ఏదో ప్రశ్న... ఆ, చెప్పమ్మా. కొంచెం గట్టిగా. ఆ చేపల కొట్టాయన ఏమయ్యాడని అడుగుతోంది.

2019లో మా అన్నయ్యగారి అబ్బాయి పెళ్ళికి మళ్ళీ వెళ్ళాను. ఒకరోజు ఖాళీ చూసుకుని పదహారో నంబరు ఎక్కాను. కొట్టు లేదు. అద్దె పెంచితే తట్టుకోలేక, ఊరికి చాలా దూరంగా కొడుకు ఇంటికి వెళ్ళిపోయాడని పక్క మిఠాయి కొట్లో చెప్పారు. ఆ గదిలో ఇప్పుడు పళ్ళరసాల దుకాణం, వహాకా నుంచి వచ్చిన ఆవిడ నడుపుతోంది. అద్దం మీద పాత బెంగాలీ అక్షరాలు సగం గీకేసి ఉన్నాయి. ఫ్రీజరు అదే, లోపల మామిడిపండు ముక్కలు. బస్సు వచ్చేలోపు ఒక గ్లాసు తాగుదామని నిలబడ్డాను. ఆవిడ ఫోన్లో ఎవరికో దారి చెబుతోంది, స్పానిష్‌లో. నాకు వచ్చిన నాలుగు ముక్కల్లో అర్థమైంది. మూడో వీధిలోకి రా, అంటోంది. బస్టాపు దగ్గర నీలం బోర్డు ఉంటుంది చూడు, లిటిల్ బంగ్లాదేశ్ అని. దాని కిందే ఉన్నాను.